‘నల్లిబాధ పడలేక’ అనాలా, ‘నల్లుల బాధ తాళలేక’ అనాలా?

నిన్న మన గుంపులో నల్లి పద్యం పెట్టిన అమలాపురం తమ్ముడు చివరి పాదాన్ని ‘పవళించుట నల్లుల బాధ తాళలేక సుమీ’ అని రాశాడు. కింద ఇద్దరు ముగ్గురు ‘మేమూ అలాగే విన్నాం’ అన్నారు. చెవిన పడింది అలాగే కావచ్చు గానీ, ఛందస్సు ఒప్పుకోదు. పద్యం ఇదీ:

శివుడద్రిని శయనించుట
రవిచంద్రులు మింట నుంట రాజీవాక్షుం
డవిరళముగ శేషునిపై
పవళించుట నల్లిబాధ పడలేక సుమీ!

ఇది కందం అనే ఛందస్సులో ఉన్న పద్యం. రెండో పాదంలోనూ నాలుగో పాదంలోనూ అయిదేసి గణాలు, అంటే అక్షరాల గుంపులు, ఉంటాయి. వాటిలో మధ్య గణం జగణం గానీ నలం (నాలుగూ లఘువులే, అంటే పొట్టి అక్షరాలే) గానీ అయి తీరాలి. నాలుగో పాదాన్ని విడదీస్తే ‘పవళిం, చుటన, ల్లిబాధ, పడలే, కసుమీ’ అని వస్తుంది. ‘ల్లిబాధ’ అంటే లఘువు, గురువు (పొడుగు అక్షరం), లఘువు. జగణం సరిపోయింది. ‘నల్లుల బాధ’ అంటే అక్కడ ‘ల్లులబా’ అని సగణం (లఘువు, లఘువు, గురువు) పడి కందం చెడుతుంది. ఇక యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం. ‘పవళించుట’లోని ‘ప’కి ‘పడలేక’లోని ‘ప’ జోడీ. ‘తాళలేక’ అంటే ‘ప’కీ ‘త’కీ మైత్రి లేదు. ప్రాస చూడండి: శివు, రవి, డవి, పవ. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం వకారమే.

చదివేటప్పుడు చాలామంది ‘రాజీవాక్షుం’ దగ్గర ఊపిరి తీసుకుంటారు. అక్కడ ఆగకూడదు. ‘రాజీవాక్షుండు అవిరళముగ’ అని కలిపి చదివితేనే అర్థం తెలుస్తుంది. రాజీవాక్షుడంటే తామరకళ్ళ విష్ణువు, అవిరళముగ అంటే ఎడతెగకుండా. విష్ణువు ఆ పాముని వదిలి ఇంకో పక్క మీదికి రానే రాడన్నమాట.

దీన్ని అందరూ నవ్వు బొమ్మలు తగిలించి పంపుకుంటున్నారు. నవ్వు రావడం సహజమే. అయితే రాత్రంతా కన్ను మూతపడని మనిషి తప్ప ఇంకెవరూ ఇలాంటి పద్యం చెప్పలేరని నా గట్టి నమ్మకం. కొండనీ, ఆకాశాన్నీ, పామునీ ఊరికే ఏరలేదు. నల్లి దాక్కునేది మంచం కోడూ పట్టే కలిసే సందులో, నవారు మడతలో, పరుపు కుట్టులో. కొండంటే సందుల్లేని రాయి. నల్లికి రెక్కలుండవు, ఎగరలేదు, దూకలేదు. కాబట్టి ఆకాశం భద్రం. పాముకి కుట్టూ లేదు, కోడూ లేదు. నల్లుల పక్కని బాగా ఎరిగినవాడే ఈ మూడింటినీ ఎంచగలడు.

సంస్కృతంలో దీనికి తోడు శ్లోకం ఒకటుంది:

కమలే కమలా శేతే హరః శేతే హిమాలయే
క్షీరాబ్ధౌ చ హరిః శేతే మన్యే మత్కుణశంకయా

మత్కుణం అంటే నల్లి. లక్ష్మి తామరలో, శివుడు హిమాలయంలో, హరి పాలకడలిలో పడుకుంటున్నారంటే నల్లి భయంతోనే అనుకుంటాను, అంటుందది. రెండూ ఉత్ప్రేక్షలే, అంటే లేని కారణాన్ని ఉన్నట్టు ఊహించి చెప్పడమే. శ్లోకంలో లక్ష్మి ఉంది, మన పద్యంలో ఆ చోట సూర్యచంద్రులున్నారు. నన్ను ఆపేసిన తేడా మాత్రం చివరి మాటలో ఉంది. ‘శంకయా’ అంటే నల్లి ఉంటుందేమోనన్న అనుమానం. ‘బాధ పడలేక’ అంటే నల్లి ఉంది, కుట్టింది, పడ్డాం, ఇక మా వల్ల కాదు. సంస్కృతంలో దేవుళ్ళు ముందు జాగ్రత్తగా తప్పుకున్నారు. తెలుగులో ఒళ్ళంతా దద్దుర్లయ్యాక లేచి వెళ్ళిపోయారు. నాకు తెలుగు పద్యమే నచ్చుతుంది. అందుకే ‘పడలేక’ని ఎవరు మార్చినా ఊరుకోలేను.

ఈ ‘పడలేక’కి నా మనసులో ఇంత బరువు రావడానికి కారణం ఉంది. ఆ మధ్య కోనసీమలో ఓ పెళ్ళికి వెళ్ళాం. మగపెళ్ళివారి విడిది ఓ లాడ్జిలో. తలుపు తీయగానే చెమ్మ వాసన. కాలవ పక్క ఊళ్ళు కదా, వానాకాలంలో గోడలు నీళ్ళు పీలుస్తాయి, సున్నం పెచ్చులు లేస్తుంది. అందుకు లాడ్జి వాళ్ళని ఏమీ అనలేం. బకెట్టు లోపల పాచి, మగ్గు అంచున జిడ్డు, దిండు మీద ఎవరిదో తలనూనె మరక, వీటికి మాత్రం జవాబు వాళ్ళే చెప్పాలి. దుప్పటి ఉతికిందే. అనుమానం వచ్చి పరుపు మూల ఎత్తి చూస్తే, కుట్టు పొడవునా సూదిమొనంత నల్లటి చుక్కలు. నల్లి తాగిన రక్తం అరిగాక వదిలే మరకలవి. వాటి పక్కనే మడతలో రెండు గోధుమరంగు నల్లులు, బల్లపరుపుగా, కదలకుండా. ఇంకా రక్తం తాగలేదన్నమాట. తాగితే ఉబ్బి ఎర్రబడతాయి.

లైటు తీసిన కాసేపటికే మా పెద్దమ్మ లేచి కూర్చుంది. మెడ మీద వరసగా దద్దుర్లు. కింద కౌంటర్లో ఉన్న కుర్రాడికి చెబితే, ‘ఒక్క రాత్రే కదండి, కొంచెం అడ్జస్టయిపోండి’ అన్నాడు. అతను మర్యాదగానే అన్నాడు. మార్చడానికి వేరే పరుపు ఉంటే ఇచ్చేవాడే. పెద్దమ్మ తెల్లారేదాకా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పొద్దున్న ఆడపెళ్ళివారు కాఫీలు తెచ్చి ‘నిద్ర పట్టిందా అత్తయ్యగారూ’ అని అడిగితే, ‘బాగా పట్టిందమ్మా’ అంది. వాళ్ళ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక.

‘ఒక్క రాత్రే కదండి’ అన్న మాట మన డెల్టాలో చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. సంక్రాంతికి భీమవరం వైపు గది దొరకడమే గగనం, అడిగినంత ఇచ్చి దిగుతాం. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, పెళ్ళి ముహూర్తాలు, పుష్కరాలు, అన్నిటికీ అదే మాట. గది ఎలా ఉన్నా నిండుతుందని తెలిశాక పరుపు ఎండలో వేయాలని ఎవరికి తోస్తుంది? 2015 జూలైలో పన్నెండు రోజుల గోదావరి పుష్కరాలకి జనం ఎలా పోటెత్తారో చూశాం. మళ్ళీ 2027లో వస్తున్నాయి. దారిన పోయేవాళ్ళకి వేళ కాని వేళలో కూడా వండి వడ్డించిన డొక్కా సీతమ్మ గారి సీమ ఇది. ఇక్కడికి వచ్చిన మనిషికి నల్లులున్న పరుపు చూపించి డబ్బు పుచ్చుకోవడం నాకు మింగుడు పడదు.

కింద వచ్చిన వ్యాఖ్యలకి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

తణుకు నుంచి ఒక మాస్టారు రాశారు: ‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. అలిసిన వాడికి నల్లి ఉన్నా తెలియదండీ.’

మాస్టారూ, మీ మాట కాదనడానికి చిన్నవాణ్ణి. కానీ ఆ సామెత అలిసిన మనిషి గురించి చెప్పింది, గది అద్దెకిచ్చేవాడి గురించి కాదు. పొలం నుంచి వచ్చి అరుగు మీద ఒరిగినవాడు పక్క అడగడు, నిజమే. ఆ మాటని అడ్డం పెట్టుకుని ‘నీకు సుఖం ఎందుకు’ అని ఎదుటివాడితో అనకూడదు కదా. పైగా నిద్ర పట్టాకే నల్లి బయటికొస్తుంది. ఒంటి వెచ్చదనానికీ, ఊపిరికీ వెతుక్కుంటూ వస్తుంది.

రాజోలు నుంచి ఒక అక్క అడిగారు: ‘ఇంట్లో నల్లులు పడితే మా అమ్మమ్మ మంచాలు నడివాకిట్లో ఎండేసి, పట్టెల సందుల్లో సలసల కాగిన నీళ్ళు పోసేది. అది నిజంగా పనిచేస్తుందా?’

పనిచేస్తుందక్కా. నల్లి వేడికి తట్టుకోలేదు, గుడ్లు కూడా చస్తాయి, కాకపోతే ప్రతి సందులోకీ వేడి వెళ్ళాలి. మందు కొట్టి ఊరుకుంటే మళ్ళీ వస్తాయి. డీడీటీకి అవి అలవాటు పడిపోయి దశాబ్దాలయింది. ఖాళీ గదికి తాళం వేసి వదిలేస్తే ఆకలికి చస్తాయనీ అనుకోవద్దు, నెలల తరబడి తిండి లేకుండా బతుకుతాయి. లాడ్జి నుంచి ఇంటికి రాగానే బట్టల సంచీ లోపలికి తేకండి. బట్టలు వేణ్ణీళ్ళలో నానబెట్టి, సంచీ అతుకులన్నీ బయటే విప్పి చూసుకోండి. నల్లి ఊళ్ళు మారేది మన సామానులోనే.

అమలాపురం తమ్ముడు మళ్ళీ అడిగాడు: ‘అన్నయ్యా, నల్లి కుట్టింది అనాలా, కరిచింది అనాలా?’

మన వైపు కుట్టిందనే అంటాం తమ్ముడూ. చీమ, దోమ, తేలు కుడతాయి. కుక్క, పాము కరుస్తాయి. నల్లికి పళ్ళు లేవు, ముక్కులాంటి సన్నటి గొట్టం చర్మంలోకి దించి రక్తం పీలుస్తుంది. కాబట్టి కుట్టడమే సరైన మాట. ‘కరిచింది’ అనేవాళ్ళు ఉంటే ఏ ఊరో చెప్పండి, రాసుకుంటాను. అలాగే నిన్నటి పోస్టులో ఆ నాలుగో పాదం సరిచేసేయ్, చాలామంది అక్కణ్ణుంచే కాపీ చేసుకుంటున్నారు.