సీలకాంత్‌ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. ఆదివారం మా అమ్మాయిని నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. కోటసారస్ అస్థిపంజరం ముందు నుంచి ఎంతకీ కదల్లేదు. తిరిగొస్తూ బస్సులో, ఆ రాక్షసబల్లుల కాలంలో చేపలు కూడా అంతంత ఉండేవా అని అడిగింది. పెద్ద పెద్ద సీలకాంత్‌లు ఉండేవమ్మా అన్నాను. "సీలకాంత్ అంటే?" అంది. నా దగ్గర మాట లేదు.

రాత్రి మూలం వెతికాను. గ్రీకులో కోయిలోస్ అంటే బోలు, అకాంథా అంటే ముల్లు. ఒక శిలాజం తోకరెక్కలో ముళ్లు బోలుగా ఉండటం చూసి 1839లో లూయీ అగస్సీ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, అకాంథా లాగే మన ముల్లు కూడా చెట్టుకీ ఉంటుంది, చేపకీ ఉంటుంది! ఇక బోలు అనేది బోలు ఎముకల జబ్బు పుణ్యమా అని ఇంటింటికీ తెలిసిన మాట. అందుకని "బోలుముల్లు చేప" అందామంటాను.

జవాబు (తార్నాక నుంచి): బాగుందండీ, కానీ "సజీవ శిలాజం" అని పేపర్లవాళ్లు ఎప్పటినుంచో రాస్తున్నారుగా. అది చాలదా?

నా జవాబు: అది బిరుదండీ, పేరు కాదు. రాక్షసబల్లులతోపాటే పోయిందనుకున్న చేప 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కడంతో ఆ బిరుదు వచ్చింది. దాంతో పిల్లలు ఈ చేప కోట్ల ఏళ్లుగా ఏమీ మారలేదనుకుంటారు. శిలాజాలు అలా చెప్పడం లేదు. ఇప్పుడున్నది రెండు మీటర్లకు మించదు, లోతు సముద్రంలో ఉంటుంది. బ్రెజిల్‌లోనూ ఆఫ్రికాలోనూ శిలాజాలుగా దొరికిన మాసోనియా అనే పాతకాలపు సీలకాంత్ మూడున్నర మీటర్లు దాటేది, నదుల్లో, నదీముఖాల్లో తిరిగేది. మొరాకో ఫాస్ఫేట్ గనుల్లో దొరికిన ఒక ముక్కనైతే మొదట ఎగిరే సరీసృపం పుర్రె అనుకున్నారు. తీరా చూస్తే అది ఒక భారీ సీలకాంత్ ఊపిరితిత్తి, చుట్టూ ఎముక పలకలతో! ఆ చేప దాదాపు 5 మీటర్లు ఉండొచ్చని 2021లో అంచనా వేశారు. ఇప్పటి చేపకు ఊపిరితిత్తి పేరుకే మిగిలింది, దానితో ఊపిరి పీల్చదు. ఇంత మారినదాన్ని పట్టుకుని సజీవ శిలాజం అనడానికి నాకు మనసొప్పదు.

జవాబు (ఉప్పల్ నుంచి): మాది మంచిర్యాల వైపు. ప్రాణహిత–గోదావరి లోయలో "కోట" అని పిలిచే శిలల పొరల్లో కూడా సీలకాంత్ శిలాజం దొరికింది. 1974లో దానికి ఇండోసీలకాంథస్ అని పేరు పెట్టారు. మీ పాప చూసిన కోటసారస్ కూడా ఆ శిలల్లోదే. మన లోయలో దొరికిన చేపకు మన మాట ఉండాల్సిందే. అయితే బోలుముల్లు చేపా, బోలుముళ్ల చేపా?

నా జవాబు: ఇండోసీలకాంథస్ సంగతి నాకు తెలియదండీ, ఈ రోజే అమ్మాయికి చెప్తాను. ఇక మాట విషయానికొస్తే, ముళ్ల చేప అనగానే తినేటప్పుడు గొంతులో గుచ్చుకునేదే గుర్తొస్తుంది. అందుకే ఏకవచనమే ఉంచుదామండీ, బోలుముల్లు చేప.