జాంగోనా, లారవెలా? తెలుగు పీడీఎఫ్ దగ్గర ఆగిపోయాను

ఎరువుల దుకాణానికి బిల్లింగ్ వెబ్ అప్లికేషన్ చేస్తున్నాను. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో చేయాలా, పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లో చేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఒకేసారి వాడేది ఐదుగురే, కాబట్టి వేగం గురించి టెన్షన్ లేదు. చిక్కంతా తెలుగు రసీదుల పీడీఎఫ్‌తోనే.

మొదట లారవెల్‌లో, పీడీఎఫ్ తయారుచేసే డామ్‌పీడీఎఫ్ లైబ్రరీతో ప్రయత్నించాను. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టినా ఒత్తులు విడిపోయి, ‘లక్ష్మి’ ముక్కలుగా వచ్చింది. ఎంపీడీఎఫ్ అనే మరో లైబ్రరీకి మారి, ఒత్తులను సరిగ్గా కలిపే యూజ్‌ఓటీఎల్ (useOTL) సెట్టింగ్‌ని 0xFF చేశాక అక్షరాలు కుదిరాయి. కానీ నెలాఖరు ఖాతాల పీడీఎఫ్, సుమారు 400 పేజీలు, 256 ఎంబీ మెమరీ పరిమితి దాటి మధ్యలోనే ఆగిపోతోంది. ఇప్పుడున్న షేర్డ్ హోస్టింగ్‌లో (ఇతరులతో పంచుకునే సర్వర్) ఆ పరిమితి పెంచనివ్వరు. పేజీలను విడగొట్టి చేసినా టైమౌట్ అవుతోంది.

జాంగోలో, వీజీప్రింట్ అనే పీడీఎఫ్ లైబ్రరీతో నా ల్యాప్‌టాప్‌లో అంతా చక్కగా వచ్చింది. నాకు పైథానే అలవాటు కూడా. అయితే దానికి అక్షరాలను అమర్చే పాంగో లైబ్రరీ కావాలి, షేర్డ్ హోస్టింగ్‌లో వేసుకునే వీల్లేదు. వీపీఎస్ (మనమే నిర్వహించుకునే వర్చువల్ సర్వర్) తీసుకోవాల్సిందే. యజమాని ఒప్పుకున్నది 1 జీబీ ర్యామ్ వరకే. సర్వర్ నిర్వహణ నా నెత్తినే పడుతుంది, అది వేరే సంగతి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా ఆ 1 జీబీలోనే నడవాలి. వీజీప్రింట్ పెద్ద ఫైళ్లకు మెమరీ బాగా తింటుందని ల్యాప్‌టాప్‌లోనే చూశాను.

ఇలాంటి పెద్ద తెలుగు పీడీఎఫ్‌లు చేసినవాళ్లు చెప్పండి: 1 జీబీ వీపీఎస్‌పై జాంగోకి మారమంటారా, లారవెల్‌లోనే ఉండి అదే వీపీఎస్‌పై ఎంపీడీఎఫ్‌ని క్యూలో (వెనకాల ఒక్కో పనిగా) నడపమంటారా?