ఫోన్ మ్యాప్‌ను కారు స్క్రీన్ మీదికి తెచ్చుకునే దారి ఉందా?

నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. రోజూ కాజ టోల్‌ప్లాజా, మంగళగిరి, వారధి మీదుగా బెంజ్ సర్కిల్ దాకా వెళ్లాలి. ఈ మధ్య కొన్న కారులో ఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో లేదు, ఐఫోన్‌కు అదే పని చేసే కార్‌ప్లే లేదు. కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ ఒక్కటే. పాత కారులో కేబుల్ పెడితే చాలు, ఫోన్‌లోని మ్యాప్ తెర మీదికి వచ్చేది. ఇప్పుడు అడ్రస్ మళ్లీ టైప్ చేయాలి. ట్రాఫిక్ కనిపించాలంటే కారుకు నెట్ ఉండాలి, ఉచిత గడువు అయ్యాక దానికి డబ్బు కట్టాలట. ఫోన్‌లో డేటా ఉండగా మళ్లీ ఎందుకు కట్టాలి? మొన్న నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వారధి దిగగానే మ్యాప్ ఆగిపోయింది. చాలా టెన్షన్ పడ్డాను.

2023లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ తన కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రెండూ ఉండవని ప్రకటించినప్పుడు, మనదాకా రాదులే అనుకున్నాను.

బ్లూటూత్‌లో పాటలు, కాల్స్ వస్తాయి గానీ మ్యాప్ రాదు. వైర్‌లెస్ అడాప్టర్ కొందామంటే, కారులో ముందే కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఆటో పనిచేస్తుంటేనే అది పనికొస్తుంది. స్క్రీన్ మార్పిద్దామంటే ఏసీ కంట్రోల్స్ కూడా అందులోనే ఉన్నాయి. ఇలాంటి కారులో ఎవరైనా వేరే స్క్రీన్ పెట్టించారా? వారంటీకి ఇబ్బంది వచ్చిందా? హోల్డరే గతి అయితే, మన ఎండలకు ఫోన్ వేడెక్కకుండా ఎక్కడ బిగించాలో దయచేసి చెప్పండి.