నీడలో పెట్టిన హోస్టాలు మొదలు దగ్గరే కుళ్లిపోతున్నాయి, ఏం చేయాలి?

చామంతి:
అందరికీ నమస్కారం. ఇంటి వెనక రెండు పెద్ద చెట్ల కింద కొంచెం జాగా ఉంది. పొద్దున గంటసేపు ఎండ పడుతుంది, మిగతా రోజంతా నీడే. ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోత, రాత్రిళ్లు కూడా చల్లబడదు. హోస్టా అంటే పెద్ద పెద్ద ఆకుల అందం కోసం నీడలో పెంచే మొక్క, ఫొటోల్లో దాని ఆకులు చూసి మనసుపడి ఐదు మొక్కలు తెప్పించి పెట్టాను. మొదటి ఏడాది బాగానే ఉన్నాయి, రెండో ఏడాది ఆకులు సగానికి సగం చిన్నవయ్యాయి, ఈ నెలలో మూడు పోయాయి. వాడినట్టు కనపడగానే నీళ్లు పోస్తూనే ఉన్నాను. నిన్న ఒకదాన్ని పట్టుకుంటే ఆకుల గుత్తంతా చేతిలోకి ఊడొచ్చింది. కాడల అడుగు మెత్తగా అయిపోయింది, మట్టి మీద తెల్లటి దారాల్లా బూజు, అందులో ఆవగింజలంత గోధుమరంగు గుండ్లు. ముందు ఎరువు గుళికలు అనుకున్నాను, కానీ నేను అసలు గుళికలు వేయలేదు. మిగతా మొక్కలకూ పాకుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

మట్టివాసన:
చామంతి గారూ, ఆ ఆవగింజలే గుర్తు. అది స్క్లెరోషియం అనే ఫంగస్, వేరుశనగలో కాండం కుళ్లు తెచ్చేది కూడా ఇదే. వేడి, తేమ రెండూ కలిసిన చోట, ముఖ్యంగా 25 నుంచి 35 డిగ్రీల మధ్య, బాగా పెరుగుతుంది. ఆ గుండ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి చచ్చిన మొక్క పీకేసి అక్కడే ఇంకోటి పెడితే అదీ పోతుంది. మొక్కతో పాటు చుట్టూ జానెడు వెడల్పున, జానెడు లోతున మట్టి తవ్వి సంచిలో కట్టి పారేయండి. కంపోస్టు గుంతలో మాత్రం వేయొద్దు. తవ్విన పార కడిగి ఆరబెట్టాకే ఇంకో మొక్క దగ్గర వాడండి. బాగా చివికిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా (చెడ్డ ఫంగస్‌ని అణిచే మేలు ఫంగస్) కలిపి, కొంచెం తడి చేసి వారం పది రోజులు నీడలో ఉంచి, కొత్త మట్టిలో వేయండి.

నీళ్ల సంగతి. మొదలు కుళ్లిన మొక్క నీళ్లు పీల్చలేదు, అందుకే తడి మట్టిలో ఉండి కూడా వాడిపోతుంది. అది చూసి మనం ఇంకా పోస్తాం. నీడలో మట్టి ఆరడానికి చాలా టైం పడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే మరీను. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, ఆరినట్టు తగిలితేనే పోయండి, అదీ పొద్దున్నే. సాయంత్రం పోస్తే ఆకులు రాత్రంతా తడిగానే ఉండిపోతాయి.

ఇంకో మాట, చెప్పడానికి నాకే బాధగా ఉంది. హోస్టాకి ఏటా కొన్ని వారాల గట్టి చలి కావాలి, 5 డిగ్రీల కంటే తక్కువ. ఆ చలినిద్ర లేకపోతే ఏటికేడు నీరసించిపోతుంది. ఫంగస్ లేకపోయినా అవి ఎక్కువ కాలం ఉండేవి కావు. మీ తప్పేం లేదు.

నీడపట్టు:
హోస్టా అందం కావాలంటే చేమ జాతి వైపు రండి. కలాడియం, అలొకేసియా, అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, వీటిలో చాలావరకు పుట్టిందే వానలు కురిసే వేడి అడవుల్లో, పెద్ద చెట్ల కింద. మనం ఇబ్బందిపడే ఉక్క వాటికి ఇల్లు. కింద పరుచుకోవడానికి ఫెర్న్‌లు, రంగు కోసం కోలియస్, బిగోనియా. కలాడియం ఏడాదిలో కొన్ని నెలలు ఆకులు రాల్చేసి దుంపలోకి వెళ్లిపోతుంది, చచ్చిపోయిందని పీకేయకండి, అప్పుడు నీళ్లు బాగా తగ్గించండి. పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే మాత్రం జాగ్రత్త, చేమ జాతి ఆకులు కొరికితే నోరు మండుతుంది, వాస్తుంది.

చెట్ల కింద కొత్త మట్టి మందంగా పోసి మడి కట్టొద్దు. చెట్టు వేర్లకు గాలి ఆడదు, పైగా కొద్ది నెలల్లో ఆ వేర్లే పైకొచ్చి మీ మడిని నింపేస్తాయి. నేను అలా చేసి ఒక మడి మొత్తం పోగొట్టుకున్నాను. ఇప్పుడు వెడల్పాటి కుండీల్లో పెట్టి, రెండు ఇటుకల మీద నిలబెడుతున్నాను, కింద నుంచి నీళ్లు పోతాయి, వేర్లు కూడా దూరవు.

ఆకుమడి:
ఒక్క విషయం కలుపుతాను. నీడ అంతా ఒకటే కాదు. మధ్యాహ్నం తెల్ల కాగితం కింద పెట్టి, దాని మీద అడుగు ఎత్తున చెయ్యి చాపండి. నీడ అంచు తేటగా కనపడితే వెలుతురు బాగానే ఉన్నట్టు, మసకగా వేళ్లు తెలిస్తే కలాడియం, కోలియస్‌లకి ఆ వెలుతురు చాలు, నీడే పడకపోతే అగ్లోనిమా, స్నేక్ ప్లాంట్ లాంటివే నిలబడతాయి, అవీ నిదానంగానే పెరుగుతాయి.

మట్టి మీద ఎండుటాకులు పరచడం (మల్చింగ్) మంచిదే, కానీ మొక్క మొదటికి ఆనకూడదు, బెత్తెడు ఖాళీ వదలండి. ఆ ఫంగస్ ఎండుటాకుల మీద బతికి అక్కడి నుంచే కాడలోకి ఎక్కుతుంది. మొక్కకీ మొక్కకీ మధ్య చెయ్యి దూరేంత జాగా ఉంచండి. మొదట్లో బోసిగా కనిపిస్తుంది, ఆరు నెలల్లో నిండుతుంది.

చామంతి:
చాలా థాంక్స్ అండీ. ఇవాళ పొద్దున్నే మూడు గుంతలూ తవ్వి మట్టి తీసేశాను, అలాంటి గుండ్లు ఇంకో మొక్క దగ్గర కూడా ఉన్నాయి, దాన్నీ తీసేశాను. మిగిలిన ఒక్క హోస్టాని విడిగా కుండీలోకి మార్చాను, తీసి పారేయడానికి మనసు రాలేదు. కాగితం టెస్టులో ఒక మూల వేళ్లు మసకగా తెలిశాయి, రెండో మూల ఏమీ పడలేదు. కాబట్టి మొదటి మూలకి కలాడియం దుంపలు, రెండో మూలకి అగ్లోనిమా, అన్నీ ఇటుకల మీద కుండీల్లోనే. చిగుళ్లు రాగానే ఫొటోలు పెడతాను.