రిఫాంపిసిన్ ప్లేట్ల లెక్క: 212 కాలనీలు వచ్చిన ట్యూబును తీసేయాలా?

సిక్కోలు_మైక్రో
మందును తట్టుకునే మ్యుటేషన్ల (జన్యు మార్పుల) రేటు లెక్కగడుతున్నానండీ. ఈ.కోలై బ్యాక్టీరియా, ఎల్‌బీ బ్రాత్ (పోషక ద్రవం), 1 మి.లీ. చొప్పున 12 ట్యూబులు. ఒక్కో ట్యూబులోదంతా రిఫాంపిసిన్ యాంటీబయాటిక్ (మి.లీ.కి 100 మైక్రోగ్రాములు) ప్లేట్ల మీద వేస్తే కాలనీలు ఇవి: 3, 9, 14, 8, 11, 6, 212, 17, 13, 10, 22, 15. డైల్యూషన్ (పలచన చేసి వేసిన) ప్లేట్ల ప్రకారం ట్యూబుకు 1.1×10⁹ కణాలు. సగటు 28, ఆ 212 తీసేస్తే 11.6. ఏది వాడాలండీ?

ఇజీనారం_గణితం
రెండూ వద్దండీ. 212 జాక్‌పాట్ కల్చర్. పెరుగుదల మొదట్లోనే ఒక కణం మారితే దాని సంతానమంతా రెసిస్టెంటే (మందును తట్టుకునేదే). మందు తగిలాకే మార్పు వస్తుందనుకుంటే ప్వాసాన్ పంపిణీ (యాదృచ్ఛిక సంఘటనల లెక్క) ప్రకారం వేరియన్స్ (అంకెల చెదురు) సగటుకు దగ్గర్లో ఉండాలి; మీ అంకెల్లో ఆ ఛాయే లేదు. 1943లో శాస్త్రవేత్తలు లూరియా, డెల్‌బ్రుక్ వాదన సరిగ్గా ఇదే.

మీడియన్ (వరుసలో పెడితే మధ్య విలువ) తీసుకోండి: 12. లీ–కూల్సన్ (1949) సూత్రం: మీడియన్ ÷ ఎం − లాగ్(ఎం) = 1.24. సహజ లాగ్ వాడాలి, 10 బేస్ కాదు. ఎం = 4.4 పెడితే 2.73 − 1.48, అంటే 1.25, సరిపోయింది. ఈ 4.4 అన్నది ట్యూబుకు జరిగిన మ్యుటేషన్ల సంఖ్య, కాలనీలది కాదు. 1.1×10⁹తో భాగిస్తే కణానికి మ్యుటేషన్ రేటు 4×10⁻⁹.

చీపురుపల్లి_ల్యాబ్
ట్యూబులో 200 మైక్రోలీటర్లే ప్లేట్ చేసేవాళ్లు వచ్చిన ఎంను 5తో గుణించేస్తారు. అది తప్పు. జెడ్ (ప్లేట్ చేసిన వాటా) = 0.2 అయితే (జెడ్−1) ÷ (జెడ్ × లాగ్ జెడ్), అంటే 2.49తో గుణించాలి.

సిక్కోలు_మైక్రో
సున్నా ట్యూబుల (ఒక్క కాలనీ కూడా రానివాటి) పద్ధతి కుదరదా మరి?

ఇజీనారం_గణితం
మీకు సున్నా ఒక్కటీ లేదు కదా. సున్నా ట్యూబుల వాటా 0.1–0.7 మధ్య ఉంటేనే అది నమ్మకం. దానికి కల్చర్ పరిమాణం తగ్గించాలి. 24 ట్యూబుల్లో 11 ఖాళీ అయితే ఎం = −లాగ్(11/24) = 0.78. అసలు వీలైతే మా–శాండ్రి–సర్కార్ మాగ్జిమమ్ లైక్లీహుడ్ వాడండి, అన్ని ట్యూబుల సమాచారమూ లెక్కలోకొస్తుంది. ఫాల్కర్, ఆర్‌సాల్వడార్ సాఫ్ట్‌వేర్లు రెండూ చేసిపెడతాయి. రెండు స్ట్రెయిన్లను పోల్చేటప్పుడు కాలనీల సంఖ్యల మీద టీ-టెస్ట్ మాత్రం పెట్టకండి.

చీపురుపల్లి_ల్యాబ్
లెక్క కంటే ముందు ఇనాక్యులమ్ (మొదట్లో వేసే కణాలు) చూసుకోండి. రాత్రి కల్చర్‌ను 1:100 వేస్తే ట్యూబుకు 10⁷ కణాలు పోతాయి, వాటితో పాటు పాత రెసిస్టెంట్లూ వెళ్లొచ్చు. వెయ్యి, రెండు వేల కణాలకు దించండి. కరెంటు పోయి షేకర్ ఆగితే ఆ బ్యాచ్‌లో కణాల సంఖ్య మారిపోతుంది, పాత 1.1×10⁹ వాడకుండా కనీసం మూడు ట్యూబులు మళ్లీ లెక్కించండి. మన తీరంలో గాలి తడి కదా, ప్లేట్లు మూత తీసి బాగా ఆరబెట్టకపోతే నీటిలో కాలనీలు కలిసిపోతాయి. రిఫాంపిసిన్ స్టాక్ మిథనాల్‌లో కలిపి వెలుతురు తగలకుండా ఉంచండి. కాలనీలు అన్ని ప్లేట్లకూ ఒకే గంటకు లెక్కపెట్టండి; ఆలస్యమైతే ప్లేట్ మీదే పుట్టినవీ కలిసిపోతాయి.