అమ్మ సత్ప్రసాదాన్ని ఉమ్మేసింది, ఏం చేయాలి?

ప్రశ్న: జిరాక్స్ షాపు, గుంటూరు

అందరికీ వందనాలు. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. అమ్మకి 81. నిరుడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మతిమరుపు అంతకుముందు నుంచే ఉంది. ఒక్కోసారి నన్ను మా మేనమామ అనుకుని "అన్నయ్యా, కాఫీ తాగావా?" అంటుంది.

మేం కాథలిక్కులం. నెలలో మొదటి శుక్రవారం ఫాదర్ గారు ఇంటికి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రభువు శరీరంగా మారిన అప్పం తెస్తారు. ఆ రోజు ఆయన వచ్చేదాకా అమ్మకి ఏమీ పెట్టం, మంచినీళ్ళు కూడా ఇవ్వం. చిన్నప్పుడు అమ్మ మాకు నేర్పిన పద్ధతే అది. మొన్న అప్పం నోట్లో పెట్టాక కాసేపు బుగ్గన ఉంచుకుని, ముఖం చిట్లించి నా చేతిలోకి ఉమ్మేసింది. అప్పటికే ఫాదర్ గారు మెట్లు దిగిపోయారు, ఆయనకి ఇంకా నాలుగిళ్ళున్నాయి. పారేయలేను. నేనే తీసుకుందామంటే పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి నాలుగేళ్ళయింది. తెల్లకాగితంలో చుట్టి మరియమాత స్వరూపం వెనక పెట్టాను. మూడు రోజులుగా అక్కడే ఉంది. ఆ గదిలోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు.

మా బంధువొకాయన, "బిస్కెట్టుకీ దానికీ తేడా తెలియని మనిషికి ఇవ్వడం అపచారం, ఆపేయండి" అన్నాడు. నిజంగా ఆపేయాలా?

జవాబు: రిటైరైన ఉపదేశి

కంగారు పడకు బాబూ. ఇందులో అమ్మ తప్పూ లేదు, నీ తప్పూ లేదు. ఒక గ్లాసు నీళ్ళలో వేసి మూతపెట్టు. పూర్తిగా కరిగి, అప్పం రూపం పోయేదాకా ఉంచు. ఆ రూపం ఉన్నంతవరకే ప్రభువు అందులో ఉంటాడని మన శ్రీసభ (కాథలిక్ చర్చి) బోధ. తర్వాత ఆ నీళ్ళు ఎవరూ తొక్కని మట్టిలో పోయి. సింకులో మాత్రం పోయొద్దు. భయంగా ఉంటే అలాగే తీసుకెళ్ళి ఫాదర్ గారికి ఇచ్చెయ్యి, వాళ్ళకిది కొత్త కాదు.

ఇక ఆ ఉపవాసం మానేయండి. మీ అమ్మగారి చిన్నతనంలో అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదనేవారు, మా అమ్మ కూడా అంతే. మంచినీళ్ళు తాగితే ఉపవాసం చెడదని 1953లోనే మార్చారు. 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకి, 1964లో గంటకి తగ్గించారు. జబ్బుమనుషులకీ ముసలివాళ్ళకీ, వాళ్ళని చూసుకునేవాళ్ళకీ ఆ గంట కూడా లేదు.

జవాబు: నైట్ డ్యూటీ నర్సు

ఉపదేశి గారు ఉపవాసం సంగతి చెప్పారు కాబట్టి నాకు పని తగ్గింది. అసలు చిక్కు అక్కడే ఉంది అన్నయ్యా. పొద్దున్నుంచి నీళ్ళు లేక నోరు ఎండిపోతే ఆ పల్చటి అప్పం అంగిట్లో అతుక్కుపోతుంది. అది ఉమ్మేయడం కాదు, మింగుడు పడకపోవడం. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఇది చాలా మామూలు.

ఈసారి నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కొంచెం కిందికి వంచమనండి. గోరంత ముక్క చాలని ఫాదర్ గారికి చెప్పండి. ముందు నోరు తడపండి. గ్లాసెత్తి నీళ్ళు మాత్రం పోయొద్దు, పల్చటి నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి పోయేది. చిక్కటివి ఇవ్వాలో, చెంచాతో ఇవ్వాలో మీ డాక్టర్ని అడగండి. అయ్యాక కుడి బుగ్గలో వేలు పెట్టి చూడండి, పడిపోయిన పక్కే మిగిలిపోతుంది. అప్పం అసలు మింగలేనివాళ్ళకి ద్రాక్షరసం రూపంలోనే ఇవ్వచ్చు, అదీ ఫాదర్ గారితో మాట్లాడండి.

జవాబు: బాలశిక్ష టీచర్

మీ బంధువుగారి మాటకి ఎవరూ జవాబివ్వలేదు. పదహారవ బెనెడిక్ట్ పోపుగారు 2007లో సత్ప్రసాదం గురించిన 'సాక్రమెంతుమ్ కారితాతిస్' అనే పత్రంలో, 58వ పేరాలో రాశారు: మానసిక వైకల్యం ఉన్నవాళ్ళకి, వాళ్ళు జ్ఞానస్నానమూ భద్రమైన అభ్యంగనమూ (కన్ఫర్మేషన్) పొందినవాళ్ళయితే, వీలైనంతవరకు సత్ప్రసాదం ఇవ్వాలని. వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబం విశ్వాసంలో కూడా వాళ్ళు దాన్ని స్వీకరిస్తారని. మార్కు సువార్త 2వ అధ్యాయంలో ఇంటికప్పు విప్పి పక్షవాతరోగిని దించిన ఆ నలుగురూ గుర్తున్నారా? యేసు చూసింది వాళ్ళ విశ్వాసాన్ని. కాబట్టి ఆపకండి.

మళ్ళీ జిరాక్స్ షాపు, గుంటూరు

అందరికీ చాలా థాంక్సండి. టీచర్ గారూ, మీ జవాబు చదివి షాపు షట్టరు సగం దించి కూర్చున్నాను. కుటుంబం విశ్వాసంలో అన్నారు. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. నాన్న పోయినప్పటి నుంచి పూజకి వెళ్ళడం తగ్గించేశాను. ఎవరి మీదో కోపం, దేవుడి మీదే అనుకుంటా. నా విశ్వాసం ఆసరాతో అమ్మ తీసుకోవాలంటే ఆ ఆసరా ఏపాటిదో నాకు తెలుసు.

ఉపదేశి గారి మాట చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. పల్లెలో అమ్మ గుడిలో పూజపాత్ర తుడిచే తెల్లగుడ్డలు ఉతికేది. మొదటి నీళ్ళు ఎప్పుడూ తూములో పోసేది కాదు, దొడ్లో జామచెట్టు మొదట్లో పోసేది. మమ్మల్ని అక్కడ తొక్కనిచ్చేది కాదు. జామకాయలు కూడా అడిగి కోసుకోవాలి. ఎందుకమ్మా అంటే, "ప్రభువు అంటిన నీళ్ళురా" అనేది, అంతే.

నిన్న ఉదయానికి అప్పం కరిగిపోయింది. మాది రెండో అంతస్తు, మట్టంటే కుండీలో మట్టే. అమ్మని చక్రాల కుర్చీలో బాల్కనీలోకి తెచ్చి కనకాంబరం కుండీలో పోశాను. పోస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, "నెమ్మదిగా పోయి అన్నయ్యా, పక్కకి పడుద్ది" అంది.

శనివారం సాయంత్రం ఫాదర్ గారు పాపసంకీర్తనాలకి కూర్చుంటారట. అమ్మ దగ్గర ఉండటానికి పక్కింటావిడని అడిగాను.