చైనా పిల్లలు హైస్కూలు చదువుకే విదేశాలకు ఎందుకు వెళ్తున్నారు?

ప్రశ్న: గోస్తని

మేము దక్షిణ కాలిఫోర్నియాలో ఏడేళ్లుగా ఉంటున్నాం. మా అమ్మాయి ఒక క్యాథలిక్ ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆమె తరగతిలో చైనా నుంచి ఒంటరిగా వచ్చిన పిల్లలు ఐదుగురు ఉన్నారు. తల్లిదండ్రులు చెంగ్డూలోనో షెన్‌జెన్‌లోనో ఉంటారు. పద్నాలుగు, పదిహేనేళ్ల ఈ పిల్లలు మాత్రం నెలకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టే పరాయి కుటుంబాల ఇళ్లలో ఉంటారు. మనవాళ్లు బీటెక్ పూర్తయిన పిల్లల్ని ఎంఎస్‌కు పంపడానికే పదిమందిని సలహా అడుగుతారు. మీసమైనా మొలవని పిల్లవాణ్ణి సముద్రం దాటించడం వెనక ఆలోచన ఏమిటో నాకు అంతుపట్టడం లేదు. చేతిలో డబ్బు ఉన్నంత మాత్రాన ఎవరూ ఈ పని చేయరు కదా! ఆ నిర్ణయం పిల్లలదా, పెద్దలదా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: వూహాన్ పాత విద్యార్థి

గోస్తని గారూ, నేను 2009 నుంచి 2015 వరకు చైనాలో ఎంబీబీఎస్ చదివాను. అక్కడ నాకు తెలిసిన రెండు కుటుంబాలు పిల్లల్ని ఇలాగే పంపాయి కనుక కొంత చెప్పగలను.

బయటివారికి తెలిసిన పరీక్ష గావోకావో. ఏటా జూన్ 7న మొదలయ్యే ఆ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు 2024లో కోటీ 34 లక్షలమంది పేర్లు నమోదు చేసుకున్నారు. వేల దళాలు, పదివేల గుర్రాలు ఒకే దుంగ మీదుగా ఏరు దాటడం అని చైనావారు దానిని వర్ణిస్తారు. అయితే హైస్కూలుకే వెళ్లిపోయే పిల్లల విషయంలో అంతకన్నా ముఖ్యమైనది దానికి మూడేళ్ల ముందు వచ్చే జోంగ్‌కావో. నిర్బంధ విద్య తొమ్మిదో తరగతితో ముగుస్తుంది. అప్పుడు రాసే ఈ పరీక్ష విశ్వవిద్యాలయం వైపు వెళ్లే సాధారణ హైస్కూళ్లకు కొందరిని, వృత్తివిద్యా పాఠశాలలకు మిగిలినవారిని పంపుతుంది. చాలాకాలం పాటు ప్రభుత్వం ఈ రెండు దారులనూ ఇంచుమించు సగం సగంగా ఉంచాలని చూసింది. అంటే పదిహేనేళ్లకే, ఒక్క పరీక్షతో, మీ వాడు విశ్వవిద్యాలయం వైపు వెళ్లే గుంపులో ఉన్నాడా లేడా అన్నది తేలిపోతుంది. వృత్తివిద్య నుంచి పైకి వెళ్లే మార్గాలు లేకపోలేదు గాని, నగరాల్లోని మధ్యతరగతి ఇళ్లలో ఆ మాట ఎత్తితే మొహాలు మాడిపోతాయి.

దీనికి తోడు హుకౌ అనే కుటుంబ నమోదు పద్ధతి ఉంది. తండ్రి అన్హుయి ప్రావిన్సు నుంచి బీజింగ్ వచ్చి ఇరవై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నా, కొడుకు బీజింగ్‌లోనే పుట్టి పెరిగినా, నమోదు అన్హుయిలో ఉంటే విశ్వవిద్యాలయం కోసం పరీక్ష రాయడానికి ఆ పిల్లవాడు అక్కడికే తిరిగి వెళ్లాలి. పేరున్న విశ్వవిద్యాలయాలు ప్రావిన్సుల వారీగా సీట్లు పంచుతాయి. బీజింగ్ హుకౌ ఉన్న విద్యార్థికి పెకింగ్, సింగ్‌హువా విశ్వవిద్యాలయాల్లో ఉన్న అవకాశం హెనాన్ విద్యార్థికి ఉండదు. నాకు తెలిసిన రెండు కుటుంబాల్లో ఒకదానిది సరిగ్గా ఈ చిక్కే. తల్లికీ కొడుకుకూ పరిచయం లేని ఊళ్లో, వేరే యాసలో మాట్లాడే తోటి పిల్లల మధ్య మూడేళ్లు రుబ్బుడు చదువు చదివించడం కన్నా, ఎలాగూ ఇల్లు వదలాల్సినవాణ్ణి న్యూజిలాండ్‌కే పంపుదాం అని వారు తేల్చుకున్నారు. ఆ లెక్క విన్నాక నాకు అది అంత వింతగా అనిపించలేదు.

ఇక మనవాళ్లు ఎంఎస్ దాకా ఎందుకు ఆగుతారో కూడా ఆలోచించండి. మన పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతారు, బీటెక్ ఇక్కడ తక్కువ ఖర్చుతో అయిపోతుంది, ఎంఎస్‌కు బ్యాంకు అప్పు ఇస్తుంది. చైనాలో చదువంతా చైనీస్‌లోనే సాగుతుంది. గావోకావోలో విదేశీ భాషకు 750లో 150 మార్కులు ఉన్నాయి గాని, ఆ మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన ఇంగ్లీషులో వ్యాసం రాసి, తరగతిలో లేచి వాదించడం రాదు. పైగా 2015 దాకా నడిచిన ఒకే బిడ్డ విధానం వల్ల తల్లిదండ్రులూ, ఇరువైపుల తాత అమ్మమ్మలూ దాచినదంతా ఒక్క పిల్లవాడి మీదనే పెట్టగలుగుతున్నారు.

సమాధానం: బర్నబీ సుజాత

మీ పాఠశాలలో ఐదుగురు కనిపించడానికి కారణం అమెరికా వీసా నిబంధన కూడా. విదేశీ విద్యార్థి వీసా మీద వచ్చినవారు అక్కడి ప్రభుత్వ హైస్కూలులో పన్నెండు నెలలకు మించి చదవకూడదు, అదీ పూర్తి ఖర్చు చెల్లించి. ప్రైవేటు పాఠశాలకు ఈ పరిమితి లేదు. అందువల్ల మత విశ్వాసంతో సంబంధం లేకుండా చైనా పిల్లలు క్యాథలిక్ పాఠశాలల్లో చేరుతున్నారు. స్థానిక విద్యార్థులు తగ్గిన పాఠశాలలకు ఆ ఫీజులు ఆసరా. కెనడాలోని మా వాంకూవర్ ప్రాంతంలో మాత్రం ప్రభుత్వ పాఠశాలలే ఫీజు తీసుకుని విదేశీ పిల్లలను చేర్చుకుంటాయి. మా వీధిలో రెండిళ్లలో తల్లులు పిల్లలతో ఉంటారు, తండ్రులు చైనాలోనే సంపాదిస్తూ ఏడాదికి రెండుసార్లు వచ్చిపోతారు. ఇలా చదువుకు తోడుండే తల్లిని వారు ‘పెయ్‌దూ మామా’ అంటారు. నేను చూసినంతవరకు పిల్లల కన్నా ఆ తల్లులే ఎక్కువ ఒంటరివారు.

సమాధానం: విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు

ఇది కొత్త విషయమేమీ కాదని చెప్పడానికి ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. 1854లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రుడైన యుంగ్ వింగ్ అనే చైనీయుడు చైనా ప్రభుత్వాన్ని ఒప్పించి, 1872 నుంచి నాలుగు జట్లుగా 120 మంది బాలురను అమెరికాకు పంపించాడు. చాలామందికి పన్నెండు, పదమూడేళ్ల వయసు. కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లోని కుటుంబాల ఇళ్లలోనే వారిని ఉంచారు. గోస్తని గారు చూస్తున్న ఏర్పాటుకు, దానికి తేడా తక్కువే. అంత చిన్న వయసులోనే ఎందుకంటే, భాష నాలుక మీదికి సహజంగా రావడానికి. పిల్లలు పరాయివారైపోతారన్న భయమూ అక్కడే మొదలైంది: పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు, చర్చికి వెళ్తున్నారు, అప్పట్లో చైనా మగవారు తప్పక ఉంచుకోవలసిన జడను కత్తిరించుకుంటున్నారు అని ఫిర్యాదులు అందాయి. అమెరికా సైనిక విద్యాసంస్థలు వారిని చేర్చుకోకపోవడం కూడా తోడై, 1881లో అందరినీ వెనక్కి పిలిపించారు. వారిలో యేల్‌లో చదువు ముగించగలిగిన జాన్ త్యెన్‌యోవ్ 1909లో పూర్తయిన పెకింగ్ (నేటి బీజింగ్)–కల్గాన్ రైలుమార్గాన్ని నిర్మించాడు. అప్పుడు పంపినది ప్రభుత్వం, ఇప్పుడు పంపుతున్నది కుటుంబం అన్నది ఒక్కటే పెద్ద తేడా అని నా అభిప్రాయం.

ప్రత్యుత్తరం: గోస్తని

అందరికీ ధన్యవాదాలు. ఉపన్యాసకుల వారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను; పంపేది ఎవరన్నదాని కన్నా, పిల్లల మాటకు చోటుందా అన్నదే నాకు పెద్ద ప్రశ్న. మీ సమాధానాలు చదివాక మా అమ్మాయి స్నేహితురాలిని భోజనానికి పిలిచి, రావాలని నువ్వే అనుకున్నావా అని అడిగాను. ఏడో తరగతిలో ఉండగా అమ్మానాన్నలు మూడు దేశాల పేర్లు చెప్పి వీటిలో నీకు ఏది ఇష్టం అన్నారని, తను అమెరికా అన్నదని చెప్పింది. ఇంట్లోనే ఉండటం అనే నాలుగో పేరు ఆ జాబితాలో ఉందా అంటే కాసేపు ఆలోచించి, అది అడగాలని తనకు తోచలేదన్నది.

ప్రత్యుత్తరం: వూహాన్ పాత విద్యార్థి

ఆ పిల్ల ఏడో తరగతి అన్నది గమనించండి. విదేశం ఖాయమనుకున్న ఇళ్లలో ఆ వయసు నుంచే బడి తరువాత సమయమంతా ఇంగ్లీషు వైపు మళ్లుతుంది. ఒకసారి బయటి పాఠ్యక్రమంలో పడ్డాక రెండేళ్లకు వెనక్కి వెళ్లి గావోకావో రాయడం దాదాపు అసాధ్యం; మన దగ్గర ఇంటర్ ఎంపీసీ మధ్యలో వదిలి వెళ్లినవాడు నేరుగా వచ్చి జేఈఈ రాసినట్టే ఉంటుంది. న్యూజిలాండ్ వెళ్లిన అబ్బాయి మొదటి ఏడాది తిరిగి వస్తానని ఫోనులో ఏడిస్తే, రమ్మనడానికి తల్లికి నోరు వచ్చిందట గాని, ఏ తరగతిలో చేర్చాలో తెలియలేదట. వాడు అక్కడే ఉన్నాడు.